నూనె డబ్బాల వరుస

"నా కండ్లతోని సూసిన సేటు. సుకుమారక్క లోపటనే ఉన్నది" అంది మొగులమ్మ, కొట్టు ముందు బల్ల మీద కూలబడుతూ.

కందిపప్పు తూస్తున్న నూరుద్దీన్ చెయ్యి ఆగింది.

"మార్ట్‌లనా?"

"ఆఁ. నూనె డబ్బాల కాడ. నిన్న గూడ గాడ్నే నిలవడ్డదంట. పక్కింటి ఇంద్రజ సూసిందట."

"మరి నువ్వెందుకు పోయినవ్ లోపటికి?"

మొగులమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఏసీ సల్లగుంటదని పోయిన. ఏం కొనలే."

ఆమె సంచిలోంచి కొత్త చీపురు తల బయటికి పెట్టి చూస్తోంది. నూరుద్దీన్ దాన్ని చూడనట్టే పప్పు పొట్లం కట్టాడు.

హైవే పక్కన ఎప్పుడో మూతపడి, తుమ్మచెట్లు మొలిచిన మందుల కంపెనీ జాగాలో ఈ మార్ట్ కట్టారు. అది తెరవకముందే గల్లీ అంతా ఈ కొట్టు ముందు కూర్చుని మాట్లాడుకుంది. అందరికంటే ముందు లేచి మాటిచ్చింది సుకుమారే. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. ఆమె మాటంటే గల్లీకి గురి. "ఉప్పైనా పప్పైనా నూరుద్దీన్ భాయ్ దగ్గర్నే. మన కష్టంల నిలవడ్డోడు ఆయన" అంది. ఆ తర్వాతే మిగతావాళ్లు తలలూపారు.

ఊపిన తలలు ఒక్కొక్కటీ వెనక సందులోంచి మార్ట్ దారి పట్టాయి. కవర్లు కొంగు కింద దాచుకుని తిరిగి వచ్చాయి. నూరుద్దీన్‌కి తెలుసు. రొట్టె ప్యాకెట్లు బూజు పడుతున్నాయి. బిస్కెట్ల సీసా మూత రోజుల తరబడి తియ్యకుండా ఉంటోంది. సుకుమారి వస్తూ ఉన్నంతకాలం మిగతావాళ్లు సిగ్గుపడి అయినా ఏదో ఒకటి కొంటారని అతని ఆశ.

"అక్కనే పోయినంక ఇగ మమ్ములనేమంటవ్ సేటు?" అంది మొగులమ్మ లేస్తూ. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఊరటే ఉంది.

నూరుద్దీన్ భార్యను పిలిచి గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నాడు. సంగతి విని బేగంబీ, "కొట్లాడకు. జెర మంచిగ అడుగు" అంది.

కొట్లాడే ఓపిక అతనికి లేదు. సుకుమారి మళ్లీ అందరి ముందూ ఒక్క మాట చెబితే గల్లీలో సగమైనా ఆగుతుంది. లేదంటే షట్టర్ దించేసి, ఈ వయసులో ఏ కంపెనీ గేటు దగ్గరో వాచ్‌మన్‌గా నిలబడాలి.

మార్ట్ గుమ్మంలో కాపలా కుర్రవాడు ఆపాడు. "చాచా, థైలా హై క్యా?"

సంచీ లేదని నూరుద్దీన్ రెండు చేతులూ చూపించాడు. దొంగలా తల వంచుకుని లోపలికి నడిచాడు. తన కొట్లో చిన్న అరలో ఉండే ప్రతి సరుకూ అక్కడ గుట్టలుగా ఉంది.

నూనె డబ్బాల వరుస చివర, స్తంభం పక్కన సుకుమారి నిలబడి ఉంది. చేతిలో బుట్ట లేదు. చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ధరలు చదువుకుంటోందనుకున్నాడు.

"అక్కా."

ఆమె ఉలిక్కిపడింది. "భాయ్, నువ్వెట్ల వచ్చినవ్ గిటు?"

"నువ్వొచ్చినవని తెలిసి వచ్చిన. నా నూనెల ఏం తక్కువైందక్కా?"

"నేను నూనె కొననీకె రాలే. ఏం కొనలే. సూడు, ఒట్టి చేతులే."

"గల్లీల కొన్నోళ్లు ఎవరున్నరు? మొగులమ్మ గూడ ఏం కొనలేదంట."

సుకుమారి నవ్వబోయి ఆగిపోయింది.

"గల్లీ నిన్ను సూసి ఆగింది, అక్కా. ఇగ నిన్ను సూసే పోతది" అన్నాడు నూరుద్దీన్. "నాకొక్క మాటియ్యి. రేపటిసంది ఇక్కడికి రానని అందరి ముందట చెప్పు. నా దుకాణం నిలవడ్తది."

డబ్బాలు సర్దే అమ్మాయి బండి తోసుకుంటూ వచ్చి, "జెర పక్కకు మేడమ్" అంది. సుకుమారి తప్పుకుంది. బండి వెళ్లగానే మళ్లీ అదే చోట వచ్చి నిలబడింది.

"ఇయ్యలేను భాయ్."

"ఎందుకక్కా?"

"మూతవడ్డంక గూడ కంపెనీ కాపలోళ్లు నన్ను గేటు దాటనియ్యలే. బతిమిలాడిన, రానియ్యలే. ఇప్పుడు ఎవరైనా లోపటికి రావచ్చు." ఆమె వేలితో నేల చూపించింది. "మా ఏబెల్ పనిజేసిన షెడ్డు గిక్కడుండె. బయట నీళ్ల ట్యాంకు గదే ఉన్నది, దాన్నివట్టి పోల్చుకున్న. పేలింది గీడ్నే."

ఏబెల్ ఆమె ఒక్కగానొక్క కొడుకు, కంపెనీలో జరిగిన ఆ పేలుడులోనే పోయాడు. ఆ పేరు గల్లీలో ఎవరూ ఎత్తి చాలాకాలమైంది. దుకాణం బెంగలో పడి నూరుద్దీన్‌కీ తట్టలేదు. అయినా వచ్చిన పని వదులుకోలేకపోయాడు.

"తల్లి ప్రాణం, నాకు తెల్వదా?" అన్నాడు మెల్లగా. "కానీ పిల్లగాడు ఇక్కడ లేడు గదక్కా. చర్చి వెనక నిమ్మళంగ పండుకున్నడు. ఏడ్చేదేదో గాడ ఏడువు, ప్రార్థన గాడ జేసుకో. కంపెనోళ్లు మేకులు గొట్టిన పెట్టె పంపి, తెరవొద్దన్నరు. దానికి నేను గూడ భుజం వట్టిన. ఎంత బరువుండె అక్కా. ఈ చేతులతోని మట్టేసిన."

సుకుమారి అతని చేతులవైపు చూసింది.

"ఆ పెట్టెల ఇసుక నింపిండ్రు, భాయ్."