రెండో కోత

ఆసుపత్రిలో కంటానని ఎంత బతిమాలినా మా అత్త వినలేదు. "ఈ గుడిసెలోనే కంటావు. నా చేత్తోనే పురుడు పోస్తాను," అంది.

ఆ చెయ్యంటేనే నాకు భయం. మా మసాయి తెగలో ఆడపిల్లలకు కోత పెట్టేది ఆ చెయ్యే. నా ఆడతనాన్ని కోసేసిందీ అదే. ఒకప్పుడు పెళ్లికి ముందు చేసేవాళ్లు. ఇప్పుడది నేరమని పోలీసులకు జడిసి, గుట్టుగా పురిట్లోనే కానిచ్చేస్తున్నారు.

కడుపులో ఉన్నది ఆడపిల్ల. అది నాలా నొప్పితో కాక, పరుగెత్తుతూ పెరగాలని నా ఆశ. నొప్పులు తన్నుకొస్తున్నా కాళ్లు ముడుచుకున్నాను. బయటికి రాకు తల్లీ, ఇప్పుడే రాకు.

"ఒసే రెసియాటో, కాళ్లు ఎడం చెయ్యి! బిడ్డను చంపుతావా?"

పాప పుట్టింది. అత్త బ్లేడుతో బొడ్డు కోసింది. బ్లేడు మాత్రం కింద పెట్టలేదు.

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటాను. దాన్నొదిలెయ్!"

"నోర్ముయ్. బయట ఆడవాళ్లు వింటున్నారు."

బ్లేడును తన బొటనవేలి మీద లాగింది. పాతగుడ్డను ఆ నెత్తురుతో తడిపింది. తర్వాత పాప అరికాలు గట్టిగా గిల్లింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

అత్త ఆ గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అయిపోయింది. దీన్నిక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు!"

బయట ఆడవాళ్లు సంబరంగా కేకలు వేశారు.

అత్త లోపలికొచ్చి నా చెవిలో గొణిగింది. "ఆసుపత్రిలో కనుంటే రేపు ఇంకెవత్తో కోసేది. నేను కోశానంటే ఎవరూ విప్పి చూడరే, పిచ్చిదానా."