గేటు తియ్యని దెర్నా

"గేటు తియ్యి!"

రుజ్జేరో తొక్కిన బ్రేకుకి ఎర్రకారు అడ్డంగా జారి, రైల్వే గేటుకి జానెడు దూరంలో ఆగింది. పన్నెండు సిలిండర్ల ఇంజను బుసలు కొడుతోంది. పక్కసీట్లో ఉన్న మెకానిక్ నెవియో ముందుకి తూలి, మూతి పగలకుండా చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

గేటుని ఎత్తి దించే పిడి మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది దెర్నా. యాభై దాటిన మనిషి. తలకి నల్లగుడ్డ, కాళ్ళకి మొగుడి బూట్లు.

"రైలొస్తోంది," అంది.

"ఎక్కడొస్తోంది?"

"వస్తే నీకే కనిపిస్తుంది."

రుజ్జేరో కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి రెండువైపులా చూశాడు. గోధుమచేల మధ్య పట్టాలు తిన్నగా పరుచుకుని ఉన్నాయి. పొగ లేదు, కూత లేదు. పట్టాలు దాటాక రోడ్డు పొడుగాటి పాప్లార్ చెట్ల వెనక్కి మలుపు తిరిగింది. కార్ల పందెంలో తనకన్నా ముందున్న ఫోస్కో ఇందాక ఆ మలుపులోంచే వెళ్ళి ఉంటాడు. ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే రకం కారు. కొత్త ఇంజను మాత్రం ఫోస్కోకి పెట్టి, పాతది రుజ్జేరోకి తగిలించారు. బ్రెషా ఊళ్ళో పందెం మొదలైనప్పటినుంచీ ఆ మంట అతని కడుపులో రగులుతూనే ఉంది.

"అదిగో చూడన్నా," నెవియో చెట్లకేసి చెయ్యి చూపించాడు. "ఫోస్కో రేపిన దుమ్ము ఇంకా అణగనేలేదు. దగ్గర్లోనే ఉన్నాడు. పట్టేస్తాం."

ఆ మాటతో రుజ్జేరోకి పూనకం వచ్చినట్టయింది. కారులోంచి ఒక్క దూకు దూకి, గేటు కిందనుంచి దూరి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఫోస్కోకి కూడా ఇలాగే దించావా గేటు?"

"లేదు. ఆ కుర్రాడు వెళ్ళినప్పుడు ఎత్తే ఉంది."

"మరి నేనొచ్చేసరికి దిగిందేం?"

"నేను దించితే దిగింది."

"వాడు నీకేమవుతాడు? మేనల్లుడా? అల్లుడా?"

"గొంతు తగ్గించు నాయనా. నాకు చెవుడు లేదు."

రుజ్జేరో మోకాళ్ళ మీద కూలబడి పట్టాకి చెవి ఆనించాడు. ఎండకి కాలిన ఇనుము చెంపకి చురుక్కుమంది. అంతే, ఏ చప్పుడూ లేదు. లేచి వచ్చి పిడి పట్టుకున్నాడు. దెర్నా రెండు చేతులూ దాని మీదే బిగించింది. అతను లాగాడు. ఆమె కదల్లేదు.

"వదులు!"

"వదలను."

"రైలూ లేదు, గీలూ లేదు! నీకు మతి పోయిందా? ఏడాదంతా ఈ ఒక్క ఆదివారం కోసం చస్తాం మేము!"

"అవును, చస్తారు," అంది దెర్నా.

అతని చెయ్యి పైకి లేచింది. నెవియో కారులోంచే అరిచాడు. "అన్నా, వద్దు! ఆడమనిషి! ఇక్కడ ఇంజను ప్లగ్గులు మసి పట్టిపోతున్నాయి, ఏదో ఒకటి తేల్చు!"

రుజ్జేరో చెయ్యి దించాడు. వెనక్కి పరిగెత్తి స్టీరింగు ముందు కూలబడ్డాడు. "తల వంచు నెవియో. గేటు కిందనుంచే దూరిపోదాం."

కారు రెండడుగులు వెనక్కి జరిగింది. ఈలోగా దెర్నా పిడి వదిలేసి వెళ్ళి, పట్టాల నడుమ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"రా! నా మీంచి పో!"

రుజ్జేరో ఇంజనుని గర్జింపజేశాడు. ఆమె తలగుడ్డ కొస కూడా కదల్లేదు. వెనకనుంచి మరో పందెం కారు హోరుమంటూ వచ్చి ఆగి, హారన్ మోగించడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళ కష్టం ఈ గేటు దగ్గర కరిగిపోతోందని రుజ్జేరోకి అర్థమైంది. స్టీరింగుని రెండు పిడికిళ్ళతో గుద్దాడు.

"అయిపోయింది! ఆ ఫోస్కోగాడు ఏ గోతిలోనో పడి చస్తే తప్ప ఈ పందెం ఇక నాది కాదు! అంతా నీ పుణ్యమే!"

దెర్నా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "నోరు ముయ్యి," అంది. ఈసారి ఆమె గొంతు ఎందుకో బాగా తగ్గింది. అతని వైపు చూడకుండా మలుపు వైపు తిరిగి నిలబడింది.

కాసేపటికి చెట్ల చాటునుంచి ఒక ముసలాయన రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె మొగుడు. చంకలో చుట్టేసిన ఎర్రజెండా ఉంది. నెత్తిమీది టోపీ తీసి, గాల్లోకి ఎత్తి చూపించాడు.

దెర్నా పట్టాల మీంచి వచ్చి పిడి తిప్పింది. గేటు కీచుమంటూ లేచింది.

రుజ్జేరో కారుని ఆమె పక్కకి తెచ్చి ఆపాడు. అంత తొందరలోనూ కోపం అతన్ని ముందుకి పోనివ్వలేదు.

"రైలేదీ? నీ మీద ఫిర్యాదు చేస్తాను. ఈ ఉద్యోగం ఊడగొట్టిస్తాను. చెప్పు, రైలేదీ?"

"రైలు లేదు. ఇప్పటిదాకా మలుపులో జనం రోడ్డు మీద ఉన్నారు. జెండా ఊపితే మీరెవరూ ఆగరు. పోయినేడు చూశాంగా. రైలంటేనే ఆగుతారు."

"పందెం నడుస్తుంటే రోడ్డు మీద జనానికి ఏం పని?"

దెర్నా తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది.

"ఆ కుర్రాణ్ణి బోల్తాపడ్డ కారు కిందనుంచి తీసి, చర్చిలోకి మోసుకుపోయారు. ఇక వెళ్ళు నాయనా, నీ ముందు ఎవరూ లేరు."