ఈగలు లేచిపోయిన రోజు

తెల్లవారేసరికి ఒమన్‌లోని ఖురియాత్ కొండల మీద ఆకాశం దుమ్ముపట్టి, పాత గోనెసంచి రంగులో ఉంది. పోచన్న తేనెటీగలను పెంచే ఖర్జూరపు మొద్దుకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. మూత తీశాడు. తేనెతుట్టెలు ఉన్నాయి, ఈగలు లేవు.

"చెల్లె, ఈగలు లేచిపోయినయి."

కాశమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. కడప మనిషి, యజమాని అర్బాబ్ ఇంట్లో వంటపని.

"పోతే పోనీలే అన్నా. ఈగలుండేంత కాలం పోచన్న నా కాడే అని అర్బాబ్ నలుగురి ముందర మాటిచ్చె. ఇంక పంపిస్తాడేమో."

"ఈగలను పోగొట్టినోన్ని ఇంటికి పంపరు చెల్లె. జైలుకు పంపుతరు."

అర్బాబ్ ఒక మాట అన్నాడంటే అంతే. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అందుకే, సెలవు ఇవ్వనన్నాక కూడా పోచన్న గొడవ పడలేదు. ఊరి నుంచి భార్య శాంతమ్మ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ మాత్రం ఆయనకు వినిపించాడు. తను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురు వాణి, బస్సు దిగిన ప్రతి మగవాడి వెంటా "బాపూ" అంటూ ఉరుకుతోందట. అర్బాబ్‌కు తెలుగు రాదు, పోచన్నతో మాటలన్నీ హిందీలోనే. పిల్ల గొంతు ఉన్న చోటు మాత్రం మళ్ళీ తిప్పించి విన్నాడు.

"ఇంకో మాట," అంది కాశమ్మ గొంతు తగ్గించి. "నీ పాస్‌పోర్టు అర్బాబ్ పెట్టెలోంచి తీసినాడు. తెల్లబట్టలేసుకొని బండి కాడ నిలబడుండాడు. రూవి పట్నానికి పోవాలంట."

పోచన్న మొద్దు మూత పెట్టేశాడు. "కంప్లైంట్ ఇయ్యనీకే."

బండి దగ్గరికి పోయి నిలబడ్డాడు. "అర్బాబ్, ఈగలు..."

"ఖల్లీవల్లీ. పోయినవి పోనీ. బండెక్కు." అర్బాబ్ అతని మొహం చూడలేదు.

తిట్టి ఉంటే పోచన్న తట్టుకునేవాడు. ఈ నిదానమే భయపెట్టింది.

"నేను తెస్త అర్బాబ్. గిట్ల పోయి గట్లొస్త."

"పోచన్! ఇధర్ ఆవ్!"

పోచన్న వెనక్కి తిరగలేదు. ఎండిన వాగులో పడి ఉరికాడు. ఒడ్డున రేగుచెట్టుకు ఈగల గుత్తి వేలాడుతోంది. కుట్టినవి కుడుతుండగానే రాణీగను పట్టి, గాలాడేలా అగ్గిపెట్టెలో పెట్టి, తువ్వాలుకు కట్టాడు. మిగతావన్నీ వచ్చి తువ్వాలుకు ముసురుకున్నాయి.

అతను తిరిగొచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఈ సంగతి విని పక్క తోటలవాళ్ళు గోడ దగ్గర చేరారు. రాణిని మొద్దులోకి వదిలాడు. బారులు తీరి ఈగలన్నీ లోపలికి నడిచాయి.

"షాబాష్ పోచన్!" అన్నాడు వాళ్ళలోని ముసలి ఫజల్. "అర్బాబ్, ఇతను మీ మాట నిలబెట్టాడు. ఇక మీ దగ్గరే ఉంటాడు."

పోచన్న వాచిన మొహంతో నవ్వాడు. "ఒక్కటి పోలే అర్బాబ్. ఇగ కంప్లైంట్ ఎందుకు? జర దయచూడు, నన్ను ఇంటికి పంపు."

అర్బాబ్ గోడవైపు చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. లోపలికి పోయి, పాస్‌పోర్టు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మధ్యాహ్నం కాశమ్మ చాప పరిచి, పెద్ద పళ్ళెంలో అన్నం, చేప పెట్టింది. అర్బాబ్, పోచన్న ఒకే పళ్ళెంలో తిన్నారు. అర్బాబ్ ముళ్ళు తీసి మెత్తటి ముక్కలు పోచన్న వైపు జరుపుతున్నాడు.

రూవిలో పోచన్నకు టికెట్ కొందామని తీసిన డబ్బు ఇంకా ఆయన జేబులోనే ఉంది. ఆ పొద్దున చీకటితోనే మొద్దుకు పొగపెట్టి ఈగలను తోలింది ఆయనే.