నీళ్ళు నిలవని నేల

"పగలగొట్టండి," అన్నాడు పెద్దాయన.

అమ్మాయి అడ్డం వచ్చింది. గేదెల షెడ్డులో సిమెంటు నేల ఆరీ ఆరకముందే ఈ మాట!

"తాతగారూ, మొన్ననే కదండీ వేయించింది!"

ఆయన బకెట్టెడు నీళ్ళు తెచ్చి నేల మీద కుమ్మరించాడు. సగం నీళ్ళు కాలవలోకి పోయాయి. మిగతావి మూలన మడుగు కట్టాయి.

"రేపు అక్కడే గేదె పడుకుంటుంది. ఆ పొదుగు నుంచే పాలు పితుకుతావు. నువ్వైతే దీనికి లైసెన్సు ఇస్తావా?"

ఆమె నోరు తెరిచేలోపే ఆమె తండ్రి గునపం అందుకున్నాడు.

ఈ మనిషిని తండ్రి ఎక్కడి నుంచి పట్టుకొచ్చాడో ఆమెకు అంతుబట్టలేదు. డెయిరీ పెడతానని ఆమె అనగానే వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. "ఈయన ఏం చెబితే అది చెయ్యి," అన్నాడు, అంతే. ఆమెకు ఊహ తెలియని రోజుల్లో తండ్రికీ ఓ డెయిరీ ఉండేది. అది మూతపడ్డాక ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ గేదెలకు పాలు పితికాడు. ఎందుకు మూతపడిందని అడిగితే, "మూతపడాల్సిందేలే," అని లేచిపోయేవాడు.

నేల అయ్యాక పాలగది మీద పడ్డాడు పెద్దాయన. తలుపు పేడగుంట వైపు తెరుచుకుంటోందని ఆ ద్వారం పూడ్పించి, అవతలి గోడకు కొత్తది పెట్టించాడు. కిటికీ జాలీలో వేలు దూర్చి చూసి, అదీ మార్పించాడు.

ఆ సాయంత్రం ఆమె కుతకుతలాడిపోయింది. "నా ప్రాణం తోడేస్తున్నాడు నాన్నా! ఆఫీసువాళ్ళు కూడా ఇన్ని వంకలు పెట్టరు."

"వాళ్ళకి ఒక్క వంకా దొరక్కూడదనే కదే బతిమాలి తెచ్చుకుంది."

"మనకి తెలిసినవాళ్ళలో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. ఇంత గట్టివాడు లేడు."

తనిఖీ రోజున పెద్దాయన గేటు దగ్గరే ఆగిపోయాడు. "లోపల నాతో పనేముంది? నువ్వే చూపించుకో," అన్నాడు. తండ్రి ఆయనకు కుర్చీ తెచ్చి వేశాడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి మాట కరుకు. నేల ఇంత వాలు ఎందుకు, పొదుగు ఎప్పుడు కడుగుతారు, జబ్బు చేసిన గేదె పాలు ఏం చేస్తారు అని గుచ్చి గుచ్చి అడిగింది. అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. పైపు తిప్పించి చూస్తే నీళ్ళు బుద్ధిగా కాలవలోకి జారిపోయాయి.

"మామూలుగా మొదటిసారి ఏదో ఒకటి సరిచేయమని వెళ్తాను. ఇక్కడ చెప్పడానికి నాకేం మిగల్చలేదు మీరు," అంటూ ఆమె లైసెన్సు మంజూరు చేస్తూ సంతకం పెట్టింది.

తండ్రి తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఆ కాగితం అందుకున్నాడు. కూతురి పేరు పైకి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇదంతా ఎవరు నేర్పారు?" అడిగింది అధికారిణి.

అమ్మాయి గేటు వైపు చూపించింది. "ఆ తాతగారండీ."

"మీ బంధువా?" అని తండ్రినడిగింది.

తండ్రి నిటారుగా నిలబడి నవ్వాడు.

"కాదమ్మా, అప్పట్లో నా డెయిరీ మూయించిన ఆఫీసరు."