బిళ్ళకు గుర్తుంది

"బిళ్ళని చల్లారుస్తూ మధ్యలో ఎక్కడో ఆపావు," అంది మేడం, తెరమీది గీతలో పడ్డ గుంటను వేలితో చూపిస్తూ. "ఈ రిలాక్సర్ పింగాణీ సంగతి తెలీదా? ఒక వేడి దగ్గర ఆపి ఉంచితే కరెంటుకి దాని స్పందన నెమ్మదిగా మొద్దుబారుతుంది. ఇంకా చల్లారిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ చురుగ్గా ఉంటుంది. తిరిగి వేడిచేసేటప్పుడు మాత్రం ఆపిన చోటు సరిగ్గా బయటపెడుతుంది. ఎవరితో కబుర్లు?"

ల్యాబులో అందరూ నత్త అని పిలిచే శిష్యురాలు నిదానంగా కళ్ళజోడు తుడుచుకుంది. "శుక్రవారం దీన్ని చల్లార్చింది మీరు, మేడం."

మేడం నాలుక కరుచుకుంది. "అవును కదూ. మా చెల్లి ఫోన్ చేస్తే ఆపాను. రెండు నిమిషాలే. మా ఇద్దరికీ మాటల్లేవని నీకు తెలుసుగా. ఊ, ఊహూ అని పెట్టేశా."

"రెండు నిమిషాలకి ఇంత గుంట పడదు మేడం. ఎంతసేపు ఆపితే అంత లోతు. ఇది మధ్యాహ్నమంతా ఆగింది."

మేడం తెరమీది గుంటను మళ్ళీ చూసింది. ఆ రోజు మెట్లమీద కూర్చుని చెల్లితో మొదలుపెట్టింది పోట్లాటే. అది చిన్నప్పటి జడపిన్నుల దాకా వెళ్ళి, ఎక్కడ నవ్వుల్లోకి దిగిందో తెలీదు. లేచేసరికి వరండాలో లైట్లు వెలిగి ఉన్నాయి.

"పోనీ, బిళ్ళని బాగా వేడిచేసి మళ్ళీ మొదలెడదామా? గుంట చెరిగిపోతుంది," అంది నత్త.

"వద్దు. దాన్ని అలా ఉంచి ఇంకోటి తీసుకో." మేడం ఫోన్ అందుకుని మెట్ల వైపు నడిచింది. "చల్లార్చడం మాత్రం నువ్వే చూసుకో. నాకు రెండు నిమిషాలు పనుంది."