రాజన్న మెచ్చే బ్యాచ్

"తియ్, నీ గ్లాసు పక్కకు జరుపు" అన్నాడు నాగేశ్వర్. "రాజన్న నీ చేతి మంచినీళ్లు గూడ ముట్టనన్నడు. యాదికున్నదా సేటూ?"

అనంతరావుకు ఒళ్లు మండింది. చంద్రపూర్ బజారులో పేరున్న బట్టల వ్యాపారి తను. ఊర్జానగర్‌లో చిల్లర కాంట్రాక్టులు చేసుకునే వీడి చేత మాటలు పడటం ఏం ఖర్మ! అయినా గ్లాసు అంగుళం కూడా జరపలేదు.

రాజన్న ఇంటి డాబా మీద రెండు గ్లాసులూ పక్కపక్కనే, అంచుదాకా నింపి ఉన్నాయి. రెండూ ఒకే సింగిల్ మాల్ట్ స్కాచ్, బ్యాచ్‌లే వేరు. ఏ బ్యాచ్ గొప్పదని ముగ్గురు స్నేహితులూ ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం తగువులాడుకున్నవాళ్లే. ఆఖరి మాట మాత్రం రాజన్నది. వాడు మెచ్చిందే గెలిచినట్టు.

అసలు చెడింది తెలంగాణ వచ్చిన రోజున. చౌరస్తాలో రాజన్న మిఠాయి పంచుతుంటే, "బతికేది మహారాష్ట్రల. తెలంగాణ మీద గంత పావురముంటే ఆడికే పో!" అని పదిమందిలో అనేశాడు అనంతరావు. ఆనాటి నుంచి రాజన్న అనంతరావు గడప తొక్కలేదు, ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. ఇవాళైనా వాడు తన గ్లాసు ముట్టాలి. అనంతరావుకు ఇంకేమీ అక్కర్లేదు.

"నీ బ్యాచ్‌ల పొగ వాసన తప్ప ఏమున్నది?" అన్నాడు. "నాది ఎండుద్రాక్ష లెక్క ఉంటది. వానికి గదే ఇష్టం."

"ఏడాదిసంది మాటల్లేవు, వాని ఇష్టం నీకేమెరుక?"

"నీకెరుక గదా! వాన్ని నా మీదికి ఎగదోసిందే నువ్వు!"

"నోరు జారింది నువ్వు. మధ్యల నన్నంటవేంది?"

రాజన్న భార్య ప్రభావతి మెట్లెక్కి వచ్చింది. "ఇయ్యాల గూడ లొల్లేనా అన్నా? ఆయన ముట్టందే కింద ఎవ్వలూ ముద్ద ముట్టరు. మటన్ చల్లారిపాయె, పిల్లలు ఆకలికి ఆగుతలేరు."

"ఈ సేటును చూసే వస్తలేడమ్మా" అన్నాడు నాగేశ్వర్.

"మీ ఇద్దర్ని చూసే. జర దూరం జరగండ్రి."

ఇద్దరూ చెరో మూలకు జరిగారు, నోళ్లు మాత్రం ఆగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. అనంతరావుకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఒరే రాజన్నా! ఇంకెంతసేపురా నీ పట్టు? నేనన్నది తప్పే! ఆ మిఠాయి నీ చేతులకెంచి గుంజుకొని తినాల్సింది. వస్తవా, బాటిలంతా మోరిల పారబొయ్యమంటవా? నువ్వు లేకుంటే ఈ నాగేశ్వర్‌గానితోని ఎట్ల ఏగాలెరా!"



పిండం పక్కనున్న అనంతరావు గ్లాసులో కాకి ముక్కు ముంచింది.