తొట్టిలో లెక్క

ఐస్లాండ్‌లో పెద్ద బ్యాంకు మునిగిన శీతాకాలం. దాని అధిపతి థోర్గిల్స్ మా ఊరి ఈతకొలనుకొచ్చి మేమంతా కలిసి కూర్చునే వేడినీళ్ళ తొట్టిలో దిగాడు. బ్యాంకు మునిగినప్పట్నుంచీ వాడొస్తే మొహం చూడలేక లేచి వెళ్ళిపోవడం మా అందరికీ అలవాటే. వాడి మాట నమ్మి పడవ తాకట్టుపెట్టి పోగొట్టుకున్న నేనే ముందు లేచాను.

"కూర్చో బ్రాగీ!" అంది ముసలి గుడ్లౌగ్. "బ్యాంకు మింగినవాడికి తొట్టి కూడా ఒప్పజెప్తావా?"

అందరూ పకపకా నవ్వారు. కూర్చున్నాను.

"ప్రపంచమంతా బ్యాంకులు కూలాయి, నేనొక్కణ్ణే ఏం చేశాను?" గొణిగాడు థోర్గిల్స్.

"లాభాలొచ్చినప్పుడు మటుకు అంతా నీ ఒక్కడి తెలివేనన్నావుగా!" అంది గుడ్లౌగ్.

వాడు గట్టెక్కబోయాడు.

"ఎక్కడికి? ఇన్నాళ్ళూ నువ్వొస్తే మేం వెళ్ళాం. ఇవాళ నువ్వు కూర్చుని వినాలి. బ్రాగీ, నీ పడవ లెక్కతో మొదలుపెట్టు," అంది గుడ్లౌగ్.

వాడు మెడదాకా నీళ్ళలోకి జారి కూర్చున్నాడు.

నేను హాయిగా గొంతు సవరించుకున్నాను.